ఆరు కెమెరాలూ నా గొప్పలూ

నా నోరే నన్ను సొరంగంలోకి తోసింది. ఇంకెవరినీ అనడానికి లేదు.

నేను పనిచేసేది గుంటూరులో ఒక చిన్న సంస్థ. మేం ఫొటోలు తీస్తాం. పెళ్లి ఫొటోలు కావు. వంతెనల కింద పగుళ్లు, ఆనకట్ట గోడల మీద చెమ్మ, పాత నీళ్లట్యాంకుల లోపల ఊడిపోతున్న పెచ్చులు, ఇలాంటివి ముక్కలు ముక్కలుగా తీసి, అతికించి, ఒకే పెద్ద బొమ్మగా చేసి ఇంజనీర్ల చేతికిస్తాం. ఆ అతికించే పని ఆఫీసులో కూర్చుని ఆరేళ్లు చేశాను. పొద్దున్నే నరసరావుపేటలో బస్సెక్కడం, సాయంత్రం దాకా కంప్యూటరు ముందు కళ్లు పోగొట్టుకోవడం, మళ్లీ బస్సు. బయటికెళ్లి ఫొటోలు తీసేది మాత్రం మగవాళ్లే. వాళ్లు తెచ్చే ఫొటోల్లో సగం వంకర, మిగతా సగం మసక. వాటిని సరిచెయ్యలేక నాకు తల వాచిపోయేది.

ఒక వేసవిలో మాచర్ల వైపు కొండల్లో పాత కాలువ సొరంగం పని వచ్చింది. అంతకు ముందటేడు సొరంగం లోపలంతా కొత్తగా సిమెంటు పూత వేశారు. అది ఎక్కడైనా చిట్లిందేమో, కాలువకు నీళ్లు వదిలేలోపల చూసి చెప్పాలి. తొమ్మిది రోజులు గడువు. మీటింగులో మా సారు "లోపలి పని కదా, ఆడపిల్లల వల్ల కాదు, వాళ్లు భయపడతారు" అంటుండగానే నేను లేచి నిలబడ్డాను.

"భయమంటే ఏంటో నాకు తెలియదు సర్. ఈ పని నాకివ్వండి. ఫొటో ఎలా తియ్యాలో చూపిస్తాను," అన్నాను.

ఆఫీసులో ఇంకో ఇద్దరు ఆడవాళ్లున్నారు. ఇద్దరూ చప్పట్లు కొట్టారు. వాళ్లలో ఒకామె టీ టైములో నా భుజం తట్టి, "నువ్వు చేసి చూపించావంటే మాకూ దారి దొరుకుతుంది," అంది. నేను గాల్లో తేలిపోతూ ఇంటికొచ్చాను. నాకు భయం తెలియకపోవడానికి కారణం అంతకుముందు ఒక్క సొరంగమైనా చూడకపోవడమే అని ఆ సాయంత్రం నాకు తట్టలేదు.

సొరంగం లోపలి గోడ ఒక్క ఫొటోలో పట్టదు. గుండ్రంగా తిరిగిన గోడని ఒక మనిషి కెమెరా తిప్పుకుంటూ తీస్తే, ఏ ముక్క ఎక్కడిదో తర్వాత తేలదు. అందుకని ఆరు కెమెరాల్ని ఒక చక్రం చుట్టూ బిగించి, ఒక్క బటను నొక్కితే ఆరూ ఒకేసారి ఫొటో తీసేలా కట్టాలి. ఒక అడుగు జరపాలి, నొక్కాలి. మళ్లీ ఒక అడుగు, మళ్లీ నొక్కాలి. ఒక కెమెరా చూసినదాంట్లో మూడోవంతు దాని పక్క కెమెరా కూడా చూడాలి. ఈ అడుగులో కనిపించిన గోడ కొంత వచ్చే అడుగులోనూ కనిపించాలి. అప్పుడే కంప్యూటరు పోలికలు పట్టుకుని ఒకదానికొకటి కుట్టుకుంటూ పోతుంది. చివరికి సొరంగాన్ని నిలువునా కోసి చాపలా పరిచినట్టు ఒక పొడవాటి బొమ్మ వస్తుంది.

చక్రం కోసం నరసరావుపేటలో మా వీధి చివర వెల్డింగు షాపు భాయ్ దగ్గరికి వెళ్లాను. నేను గీసుకెళ్లిన కాగితం చూసి ఆయన నవ్వాడు.

"ఇంత గుండ్రం నేను వంచితే కోడిగుడ్డయిద్దమ్మా," అని లోపలికి పోయి, ఎద్దుబండి చక్రానికి వేసే పాత ఇనప పట్టా ఒకటి దొర్లించుకుంటూ తెచ్చాడు. "ఇది చూడు. ఎన్నేళ్లు రోడ్డు మీద తిరిగిందో, యాడన్నా సొట్ట పడిందేమో చెప్పు."

పడలేదు. కొలిచి చూశాను, గోరంత తేడా కూడా లేదు. దాన్ని ట్రాక్టరు మీద నిలబెడదామన్నాను. ఆ పొగకి లోపల గోడ కాదు గదా నా మొహం కూడా నాకు కనపడదని చెప్పి, అరటిపళ్లు అమ్ముకునే పాత తోపుడు బండి ఒకటి ఆయనే వెతికిపెట్టాడు. బండి మీద చక్రాన్ని నిలువుగా బిగించాం. నెత్తిన ఒక కెమెరా, రెండు భుజాలకు రెండు, రెండు పక్కలకు రెండు. ఆరోది నేలకోసం. అది బండికి వెనక కడ్డీ మీద వంగి ఉంటుంది. మధ్యమధ్య బ్యాటరీ లైట్లు. ఫోకసు కదలకుండా ప్రతి కెమెరాకీ టేపు చుట్టాను. అంతా అయ్యాక భాయ్ నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ తిరిగి చూశాడు.

"అన్ని పక్కలా కళ్లు పెట్టావు. మరి నువ్వు యాడ నిలబడతావమ్మా?"

నేనది ఆలోచించనేలేదు. ఎక్కడ నిలబడినా ఏదో ఒక కెమెరాలో పడతాను. చివరికి బండి వెనక రెండు బారల వెదురు గడలు కట్టాడాయన. తోసేవాళ్లు ఆ గడల చివర, చక్రానికి సరిగ్గా వెనక, ఒకరినొకరు ఆనుకుని నడవాలి. అటూ ఇటూ జరగకూడదు. జరిగితే గోడ బదులు మనుషులు పడతారు.

మాచర్లలో ఒక గది తీసుకుని, పొద్దున్నే ఆటోలో కొండ దాకా వెళ్లేదాన్ని. ఆ ఎండల గురించి ఆ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్లకు చెప్పినా అర్థం కాదు. సొరంగంలో పూడిక తీయడానికి దుర్గి వైపు ఊరి నుంచి వచ్చిన కూలీల్లో ఐదుగురు ఆడవాళ్లను నా బండి తొయ్యడానికి ఇచ్చారు. వాళ్లలో పెద్దామె యాభై దాటిన మనిషి. ఎండుమిరపకాయలాంటి ఒళ్లు, కొండ అవతల కూడా వినపడే గొంతు. అందరూ పిన్నీ అంటుంటే నేనూ పిన్నీ అన్నాను. ఆమె నన్ను అమ్మాయ్ అంది.

మొదటిరోజు బండి ముందు టెంకాయ కొట్టి, ఇనప పట్టాకి పసుపు రాసి, లోపలికి బయల్దేరాం. ఒక యాభై అడుగులు హుషారుగానే నడిచాను. గోడ చల్లగా, నున్నగా ఉంది. వంద అడుగులు దాటాక వెనక్కి తిరిగి చూశాను. మేం వచ్చిన ద్వారం పళ్లెమంత అయింది. ఇంకొంచెం నడిచి మళ్లీ చూశాను. గిన్నెమూతంత అయింది. అంతే. ఊపిరి పీల్చుకుంటున్నాను గాని లోపలికి పోవడం లేదు. గోడలు కదలడం లేదని నాకు తెలుసు, అయినా అవి దగ్గరికొస్తున్నాయి. పైన కొండ మొత్తం బరువు నా మాడు మీద ఆగి ఉందనిపించింది. పరిగెత్తాలి, కానీ వెనక ఐదుగురు ఆడవాళ్లు, ముందు బండి. నన్నెవరో గోతంలో పెట్టి మూతి కుట్టేసినట్టయింది.

"బ్యాటరీ సరిగ్గా లేదు. బయటికి తిప్పండి," అన్నాను.

బ్యాటరీలు నిక్షేపంగా ఉన్నాయి. బయటికొచ్చి, అన్ని వైర్లూ ఊడదీసి, అన్నీ మళ్లీ పెట్టి, మధ్యాహ్నం దాకా పొద్దుపుచ్చాను. మధ్యాహ్నం ఇంకోసారి వెళ్లాను. ఈసారి కెమెరా వదులైందన్నాను. మూడోసారి నీళ్ల సీసా మర్చిపోయానన్నాను. పిన్ని నా మొహం వైపు ఒకసారి చూసి, చెంగుతో చెమట తుడుచుకుని, గడ పట్టుకుని వెనక్కి తిప్పింది.

ఆ సాయంత్రం సారు ఫోన్ చేశాడు. "ఎలా ఉందమ్మా లోపల?" అంటే, "ఏముంది సర్, మన ఆఫీసు కంటే చల్లగా ఉంది," అన్నాను. ఫోన్ పెట్టేశాక నా మీద నాకే అసహ్యం వేసింది. భయపడుతున్నానని ఒక్క మాటంటే ఇంకొకర్ని పంపేవాడు. కానీ ఆ తర్వాత మీటింగులో ఆయన ఏమంటాడో, ఆ ఇద్దరు ఆడవాళ్లు తల ఎక్కడ పెట్టుకుంటారో నాకు కళ్లకు కట్టినట్టు కనిపించింది. లోపలికి పోలేను, వెనక్కి పోలేను. రెండు చోట్లా గోడలే.

అప్పుడు నాకొక ఉపాయం తోచింది. ఉపాయం అంటున్నాను గాని అది పిరికితనం. బండి కింది చక్రానికి ఒక ఎర్రగుడ్డ కట్టాను. గుడ్డ పైకి వచ్చినప్పుడల్లా బటను నొక్కాలని పిన్నికి నేర్పించాను. ఆమె రెండు నిమిషాల్లో నేర్చుకుంది. "ఇంతేనా? దీనికేనా ఇంత చదువు?" అంది. నేను సొరంగం మూతి దగ్గర షెడ్డులో కంప్యూటరు ముందు కూర్చుని, వాళ్లను లోపలికి పంపాను.

కొంత దూరం తీసి తెచ్చిన ఫొటోలు కంప్యూటర్లో వేశాను. అది కుట్టలేనంది. కొత్త సిమెంటు పూత కదా, గోడంతా బోడిగా ఉంది. ఒక మచ్చ లేదు, ఒక మరక లేదు. పోలిక పట్టుకోవడానికి కంప్యూటరుకి ఏదో ఒక గుర్తు కావాలి. సున్నం కలిపించి, ఐదుగురికీ చిన్న కుంచెలిచ్చాను. మూతి దగ్గరే నిలబడి, "గోడంతా చుక్కలు పెట్టుకుంటూ పోండి. రెండేసి జానల ఎడం ఉంటే చాలు," అన్నాను.

రెండు రోజులు పెట్టారు. మొదటి ఇరవై అడుగులు నేను చూశాను. చూసి ముచ్చటపడ్డాను. తాడు లేదు, స్కేలు లేదు, కంటి చూపుతోనే వరసలు వరసలుగా, చుక్కకీ చుక్కకీ వెంట్రుకంత తేడా లేకుండా పెట్టారు. పుట్టినప్పట్నుంచి వాకిట్లో ముగ్గు పెట్టిన చేతులు మరి. "అబ్బ, అచ్చేసినట్టు ఉన్నాయి పిన్నీ," అన్నాను. వాళ్లు మురిసిపోయి లోపల ఇంకా జాగ్రత్తగా పెట్టారట. లోపలికి వెళ్లి చూసుంటే నాకు అక్కడే అర్థమయ్యేది. నేను వెళ్లలేదు.

ఐదో రోజు పిన్ని సొరంగం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఫొటోలు తీసుకొచ్చింది. సారుకి ఫోన్ చేసి, "మొత్తం అయిపోయింది సర్," అని గొప్పలు పోయాను. ఆరో రోజు మధ్యాహ్నానికి కంప్యూటరు బొమ్మ కుట్టి పెట్టింది. కిలోమీటరు పైగా ఉన్న సొరంగం అందులో సగానికి కుంచించుకుపోయింది. ఒకటికి రెండుసార్లు కొలిచాను.

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి గంట పట్టింది. చుక్కలన్నీ ఒక్కలాగే ఉన్నాయి, ఎడం కూడా ఒక్కలాగే ఉంది. ఈ చోటుకీ పది గజాల అవతల చోటుకీ తేడా తెలియక కంప్యూటరు ఒకదాని మీద ఒకటి వేసి కుట్టేసింది. చేతులు వణికే వాళ్లెవరైనా అడ్డదిడ్డంగా పెట్టి ఉంటే పని జరిగిపోయేది. వాళ్ల చేతులు వణకలేదు. వణికింది నేను. చుక్కలు ఎందుకో, ఎలా ఉండాలో పక్కన నిలబడి చెప్పాల్సినదాన్ని బయట దాక్కున్నాను.

సారుకి కొంచెం చెప్పక తప్పలేదు. "గుర్తులు సరిగ్గా పడలేదు, మళ్లీ తియ్యాలి," అన్నాను. ఆయన గొంతులో విసుగు లేదు, అదే నన్ను ఎక్కువ కోసింది. "పోనీ ఇంకొకర్ని పంపనా? మనవాళ్లలో ఎవరైనా మగపిల్లాడు వస్తే లోపల నీకు కాస్త..." అన్నాడు.

"అక్కర్లేదు సర్," అన్నాను. మళ్లీ నా నోరే.

ఫోన్ పెట్టేసి చూస్తే పిన్ని షెడ్డు గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. మిగతా నలుగురూ అవతల అన్నాలు తింటున్నారు.

"మా చుక్కలు బాలేవా?" అంది.

"చానా బాగున్నాయి పిన్నీ. అదే వచ్చింది చిక్కు." చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "అయితే ఒకటి పెట్టినట్టు ఇంకోటి పెట్టకూడదు, అంతేగా? ఆ ముక్క ముందే ఏడవొచ్చుగా," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "నీకు లోపల ఊపిరాడదు గదా అమ్మాయ్?"

నాకు ఏడుపొచ్చేసింది. చెంగు లేదు నాకు, చున్నీతో మొహం కప్పుకున్నాను. ఎలా తెలిసిందని అడిగాను.

"నాకూ ఆడదు గనక తెలిసింది," అంది. మిరపకాయల కోల్డ్‌స్టోరేజీలో బస్తాలు సర్దే పనికి వెళ్లినప్పుడు, మనుషుల్ని సరిగ్గా చూసుకోకుండా తలుపేశారట. ఒక పూటంతా ఆ చీకట్లో, ఆ చలిలో, మిరప ఘాటులో ఒక్కతే ఉందట. "అప్పట్నుంచి ఇంట్లో తలుపేసుకుని నీళ్లు పోసుకోను. మా కోడలు అడ్డం నిలబడాల్సిందే. దానికి నేనంటే ఎంత కోపమో."

"మరి ఐదు రోజుల్నుంచి లోపలికి ఎలా పోతున్నావు?"

"నువ్వు బటను నా చేతికిచ్చి ఈడ కూర్చున్నావు గదా. నేనెవరి చేతికియ్యాలి?" కోపంగా అనలేదు, ఉన్నమాట అంది. "భయమంటే రేపట్నుంచి పనికి పిలవరు. నోరు మూసుకుని పోతన్నా."

నేను ఆమె మొహం చూడలేకపోయాను. నా ఉపాయం ఎవరి మీద పడిందో అప్పుడు తెలిసింది. ఆరేళ్లు ఆఫీసులో మగవాళ్లను తిట్టుకున్నాను, నేను పిన్నికి చేసిన పని వాళ్లెవరూ నాకు చెయ్యలేదు.

ఏడో రోజు నేనూ లోపలికి వెళ్లాను. పిన్ని నా ఎడమ చెయ్యి పట్టుకుంది. పట్టుకోవడమంటే దొంగను పట్టుకున్నట్టు, మణికట్టు కమిలిపోయేలా. "నువ్వు పారిపోతే నేనూ పారిపోవాల్సొచ్చిద్ది, కదలమాక," అంది. మిగతా నలుగురికీ ఆ చుక్కల మధ్యమధ్యలో ఎవరికి తోచిన బొమ్మ వాళ్లని వెయ్యమని చెప్పాను. అరిచెయ్యంత ఉంటే చాలు, ఒకసారి వేసింది మళ్లీ వెయ్యకూడదు. మొదట సిగ్గుపడ్డారు. తర్వాత ఆపలేకపోయాను. గొర్రె, మిరపకాయ, గ్యాసు బండ, పెద్దకోడలి ముక్కు, సెల్లుఫోను, కల్లుకుండ, మొగుడి మీసం, తేలు, ఆర్టీసీ బస్సు. "ఒసేయ్, అది బస్సా గేదా?" అని ఒకరు, "రెండూ నిన్ను ఎక్కించుకోవులే" అని ఇంకొకరు. ఆ నవ్వులు సొరంగంలో తిరిగి తిరిగి మళ్లీ మా దగ్గరికే వచ్చేవి. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఒక్కో బొమ్మ చూసి, ఇంకో బొమ్మ దాకా నడుస్తాను, అంతకంటే దూరం ఆలోచించను అనుకుంటూ నడిచాను. భయం తగ్గిందని చెప్పను. తగ్గలేదు.

ఎనిమిదో రోజు బండి తోశాం. నలుగురు గడలు పట్టారు. వాళ్ల మధ్య నేను, నా చెయ్యి పిన్ని చేతిలో, రెండో చేతిలో బటను. ఎర్రగుడ్డ పైకి వచ్చినప్పుడల్లా నొక్కాను. సొరంగం సగంలో ఒక వంపుంది. అక్కడ నిలబడితే వచ్చిన ద్వారమూ కనపడదు, పోయే ద్వారమూ కనపడదు. సరిగ్గా ఆ వంపులో బండి చక్రం పూడికలో దిగబడింది. గట్టిగా లాగితే పైన కెమెరాలు కదులుతాయి, కదిలితే మొదటి నుంచి తియ్యాలి. పిన్ని చెయ్యి వదలకుండానే నేను కింద కూలబడ్డాను. వెలుతురు ఎంత ఉందో అంతా మా చుట్టూనే ఉంది, రెండు వైపులా నల్లటి గోడలాంటి చీకటి.

"నాకు భయంగా ఉంది," అన్నాను. నేను మెల్లగానే అన్నాను గాని ఆ సొరంగం దాన్ని అందరికీ వినిపించింది.

ఎవరూ నవ్వలేదు. ఓదార్చనూ లేదు. గడల దగ్గర ఒకామె, "మాకు మాత్రం పెళ్లివారిల్లులా ఉందా? లెగు, తొందరగా తీసి పోదాం," అంది. ఇద్దరు ఒంగి, వట్టి చేతులతో చక్రం కింద బురద తోడారు. మిగతా ఇద్దరు బండిని చంటిపిల్లను ఎత్తినట్టు మెల్లగా ఎత్తి ముందు పెట్టారు. ఇనప పట్టా వణకలేదు. నేను లేచి బటను నొక్కాను. అవతలి ద్వారం కనిపించేదాకా నేను లెక్కపెట్టిన అడుగులు ఎన్నో నాకు గుర్తులేదు. బయటికి రాగానే ఆ ఎండలో నేల మీద పడుకున్నాను, ఆ ఎండ అంత బాగుంటుందని ఎప్పుడూ అనుకోలేదు. పిన్ని పక్కకు పోయి కక్కుకుంది.

బొమ్మ బాగా వచ్చింది. ఒక్క అతుకు తప్పు పోలేదు. మూడు చోట్ల పూత చిట్లింది, సన్నటి గీతలు. నీళ్లు వదిలేలోపల వాటిని పూడ్చారు. డిపార్టుమెంటు ఇంజనీరు బొమ్మ చూసి, "గోడ మీద ఈ మీసమేంటి?" అని అడిగాడట. అది కొలత గుర్తు అని రాసిచ్చాను.

కానీ నేల కోసం వంచి పెట్టిన ఆరో కెమెరాలో ఇంకొకటి పడింది. ప్రతి ఫొటోలో, కింది అంచున, నా చెయ్యీ పిన్ని చెయ్యీ. మొదటి ఫొటో నుంచి చివరి ఫొటో దాకా. వంపు దగ్గర అయితే నేను కూలబడి ఉన్నాను, నా మోకాళ్లు కూడా ఉన్నాయి. తోసేవాళ్లు పడిన చోట కంప్యూటర్లో మాస్కు వేసి తుడిచెయ్యడం మా పనిలో మామూలే, తప్పేమీ కాదు. ఒక్క బటను. నేను నొక్కాను. ఆమె చెయ్యి అన్నింట్లోంచీ ఒకేసారి పోయింది. నేల మాత్రం మిగిలింది.

ఆఫీసులో సారు అందరి ముందూ ఆ బొమ్మ గోడ మీద వేసి చూపించాడు. "ఒక్కతే వెళ్లి చేసుకొచ్చింది. భయమన్నదే తెలియని పిల్ల," అన్నాడు. ఆ ఇద్దరూ మళ్లీ చప్పట్లు కొట్టారు. అదే ఊపులో ఆయన, ఇంకో పని వస్తోందని, అది మూడు కిలోమీటర్ల సొరంగమని, ఇకనుంచి సొరంగాలన్నీ నావేనని చెప్పాడు. నేను నవ్వుతూ, "సరే సర్," అన్నాను. గోతం మూతి నా చేతులతో నేనే ఇంకో కుట్టు వేసుకున్నాను.

ఆ ఆదివారం పిన్ని ఊరు వెళ్లాను. దుర్గి దాటాక, రోడ్డు పక్క రాతి విగ్రహాలు చెక్కే షెడ్ల ముందు ముక్కులు ఇంకా రాని దేవుళ్లు ఎండలో నిలబడి ఉన్నారు. పిన్ని వాకిట్లో చింతపండు పిక్కలు తీస్తోంది. మంచినీళ్లిచ్చి, వచ్చిన పనేంటో చెప్పమంది. చెప్పాను. ఇంకో సొరంగం, పెద్దది, నువ్వు నాతో రావాలి, నువ్వు లేకపోతే నా వల్ల కాదు.

"నేను రాను," అంది.

"ఎందుకని?"

"భయం. చెప్పాగా." ఇంకో పిక్క తీసింది. "మా మేస్త్రీకి కూడా చెప్పేశా. లోపలి పన్లకి నన్ను పిలవమాక, నాకు భయం అని."

"ఏమన్నాడు?"

"ఏమంటాడు? సరే అన్నాడు. ముందే చెప్పాల్సింది గదా అన్నాడు. ఇన్నేళ్లు నేనే నోరు మూసుకుని చచ్చా." తలెత్తి చూసింది. "నువ్వు మీ సారుకి చెప్పావా?"

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. "నీకేం పిన్నీ, నువ్వు చెబితే నీ ఒక్కదాని సంగతి. నేను చెబితే మా ఆఫీసులో ఆడవాళ్లందరి పేరూ పోతుంది. ఇక ఎవర్నీ పంపరు," అన్నాను.

"అబ్బో," అంది. "అందరి బరువూ నీ నెత్తినేనా? మొయ్యమని ఆళ్లు నీకు చెప్పారా? నువ్వే ఎత్తుకున్నావా?"

నేను ఫోన్ తీశాను. ఆమె ఎదురుగానే, నిలబడే, సారుకి చేశాను. ఆలోచిస్తే మళ్లీ చెయ్యనని తెలుసు.

"సర్, నాకు సొరంగమంటే భయం. మొదటి ఐదు రోజులు నేను లోపలికి పోలేదు. పని చెడింది అందుకే. తర్వాత కూలీ ఆమె చెయ్యి పట్టుకుని పోయాను. ఫొటోల్లో ఉంటే తుడిచేశాను," అన్నాను. ఊపిరి తీసుకోకుండా అన్నాను. "కొత్త పనికి వెళ్తాను సర్. భయంతోనే వెళ్తాను. కానీ ఒంటరిగా వెళ్లను. ఆఫీసు నుంచి నాతో ఇంకొకరు లోపల నడవాలి. నాకే కాదు, ఎవరు వెళ్లినా."

లైన్ పోయిందేమో అనుకున్నాను. ఫోన్ చెవి నుంచి తీసి చూశాను, ఉంది. పిన్ని పిక్కలు తీయడం ఆపి నా వైపే చూస్తోంది.

"మూడేళ్ల కిందట ఒక కుర్రాణ్ణి ఇలాంటి పనికే పంపాను," అన్నాడు సారు చివరికి. గొంతు వేరేగా ఉంది. "నువ్వు ఆఫీసులో చూసే ఉంటావు, నెమ్మదస్తుడు. సగం పనిలో సామాన్లన్నీ అక్కడే వదిలేసి ఇంటికెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు. పని దొంగ అని తీసేశాను."

నేను ఫోన్ రెండో చెవికి మార్చుకున్నాను.

"లోపల ఏమైందని నేను అడగలేదమ్మా," అన్నాడు.